గర్డరు, చానలు, పాత పట్టా

మా బాయిలోకి ఇనుప గర్డర్లు దిగిన ఏడు కొమురెల్లి ఒక్కడే సంబరపడ్డాడు. మిగతా వాళ్లమంతా తిట్టుకున్నాం. బొగ్గుబాయి మనిషికి టేకు గుంజ మీద ఉన్న నమ్మకం సొంత అన్నదమ్ముల మీద కూడా ఉండదు. పైకప్పు బరువు దిగితే గుంజ పటపటమంటుంది. ఆ చప్పుడు వినగానే చేతిలో గడ్డపార ఉన్నచోటే పడేసి ఉరకాలి. ఇనుము నోరు మెదపదు, దాని కింద ఎట్లా పనిచేస్తామని మా షిఫ్టు మీద పెత్తనం చేసే సర్దారుతో కొట్లాడాం. చివరికి ప్రతి ఇనుప దూలం పక్కన ఒక కర్ర గుంజ కూడా పెట్టుకోనిచ్చారు. బరువు మోయడానికి కాదు, మాకు చెప్పడానికి.

కొమురెల్లిది చెన్నూరు దిక్కు వడ్లోళ్ల ఇల్లు. వడ్రంగం చూస్తూ కట్టెల నడుమ పెరిగాడు. బాయిలో కప్పుకు ఆసరాలు నిలబెట్టే పని అతనిదే. అలాంటివాడు కట్టెను కాదని ఇనుమును వెనకేసుకొస్తుంటే నాకు ఒళ్లు మండేది. అసలు సంగతి అప్పట్లో మాకెవరికీ తెలియదు. ఏళ్ల తరబడి పేలుళ్ల దగ్గర నిలబడి అతని చెవులు పోయాయి. గుంజ పలికినా వినబడదు. కంపెనీ డాక్టరుకు తెలిస్తే పని పోతుంది, పనితోపాటు ఉంటున్న క్వార్టరూ పోతుంది. అందుకని భార్య యాదవ్వకు తప్ప ఇంకెవరికీ తెలియనివ్వలేదు. ఎదురుగా ఉంటే పెదవులు చూసి జవాబు చెప్పేవాడు. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. మేం గర్వం అనుకున్నాం. “దొరవారికి గిప్పుడు తీరిక లేదు” అని ఎక్కిరించేవాళ్లం.

ఒక్క మల్లన్న మాత్రం ఎక్కిరించేవాడు కాదు. ఆసరాలు ఎత్తడంలో కొమురెల్లికి జోడీ అతను. చంద్రవ్వతో పెళ్లయి ఏడాది తిరగలేదు. లారీలోంచి మూడు రకాల ఇనుము దించిన పొద్దున కొమురెల్లి ముందు గొంతుక్కూర్చుని అడిగాడు.

“గీ మూడిట్ల ఏది మంచిదే కొమురన్నా?”

కొమురెల్లి గర్డరు మీద చెయ్యి వేశాడు. “గిది జూడు. పైనొక రెక్క, కిందొక రెక్క, నడుమ నిలువు గోడ. బరువంత రెండు రెక్కలే వట్టుకుంటయ్. మోయరానంత వడితే నడుమ కిందికి వంగుతది. వంగి మనకు చెప్తది.”

“మరి గీ చానలు?”

“దీనికి గోడకు ఒక్క దిక్కే రెక్కలు. అందుకే బరువు వడితే పక్కకు మెలివడ్తది. గర్డరంత ఓపది గని, గిది గూడ చెప్తది. నిలువుగనే పెట్టాలె. బోర్లేసినవంటే దాని బలమంత పాయె.”

“గా పాత రైలు పట్టా?”

“మొండిది. ఏండ్లకేండ్లు రైళ్లు తొక్కి తొక్కి పెట్టినయ్. వంగది, మెలివడది. మోసినన్ని దినాలు మోస్తది, ఒక్కపాలే ఇరుగుతది. దాన్ని నేను నమ్మ.”

అతను ప్రతి గర్డరు కింద ఈ కొస నుంచి ఆ కొసకు సుతిలి తాడు బిగించి కట్టేవాడు. షిఫ్టు మొదట్లో బత్తి ఎత్తి సుతిలికీ ఇనుముకూ నడుమ సందు చూసేవాడు. సందు తగ్గితే గర్డరు వంగినట్టు. బట్టలు ఆరేస్తావా అని నవ్వేవాళ్లం. చెవులు లేనివాడు కళ్లతో బతుకుతున్నాడని మాకేం తెలుసు?

ఆసరాలు వేసుకుంటూ సొరంగం మలుపు దాకా వచ్చేసరికి గర్డర్లు అయిపోయాయి. పాత పట్టాలు దించారు. “వద్దు సర్దార్, గర్డర్లు వచ్చేదాంక గీడ కట్టె దూలాలే ఏస్త” అన్నాడు కొమురెల్లి. ఉన్నదానితో కానియ్యమన్నాడు సర్దారు. ఇంకొకరైతే పై ఆఫీసరు దాకా పోయేవాళ్లు. కొమురెల్లి పోలేదు. ఆ ఆఫీసరు గదిలో నలుగురు నాలుగు దిక్కుల నుంచి ప్రశ్నలు వేస్తే ఎవరి పెదవులని చూస్తాడు? పట్టాలే ఎక్కించాడు. మల్లన్న వాటి పక్కన మంచి టేకు గుంజ ఏరి నిలబెట్టాడు.

వానాకాలం మొదట్లో ఒకనాడు ఆ గుంజ పలికింది. పటపటా రెండుసార్లు వినబడింది. మేం వెనక్కి చూడకుండా ఉరికాం. కొమురెల్లి మాకు వీపు పెట్టి, మలుపు అవతల, తర్వాత వచ్చిన కొత్త గర్డరు దగ్గర సుతిలి చూసుకుంటున్నాడు. సుతిలి దగ్గర సందు సందులాగే ఉంది. మల్లన్న మాతో సగం దూరం వచ్చి ఆగాడు. ఏదో అరుస్తూ వాపసు పరుగెత్తాడు. మా కాళ్ల చప్పుడులో ఆ అరుపేమిటో మాకు తెలియలేదు. కొమురెల్లిని గర్డరు కిందికి తోశాడట. అప్పుడే పట్టా విరిగింది. గర్డరు వంగి ఆగింది, దాని కిందున్న కొమురెల్లి మిగిలాడు. మల్లన్న మీద బండ పడింది.

మర్నాడు మల్లన్న క్వార్టరు ముందు అందరం కూర్చున్నాం. సర్దారూ వచ్చాడు. చంద్రవ్వ తల వంచుకొనే కొమురెల్లిని అడిగింది.

“బావా, ఆయన ఆఖరుకు ఏమని అరిసిండే?”

కొమురెల్లి నేల చూస్తూ కూర్చున్నాడు. ఆమె మళ్లీ అడిగింది. అతను తలెత్తలేదు. ఆ పిల్ల ఏడుపు చూడలేక నాకు మండింది. “చెప్పరాదే, నీ నోరు వడిపోయిందా?” అని కసిరాను.

యాదవ్వ గబగబా అడ్డం వచ్చింది. “ఆయనకు పాణం మంచిగ లేదు. రేపు చెప్తడు చెల్లె.”

అప్పుడు కొమురెల్లి తలెత్తి అందరి మొహాలూ చూశాడు. “ఏమడుగుతున్నది?” అన్నాడు భార్యతో. యాదవ్వ తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దని. అతను ఆగలేదు.

“నాకు ఇనరాదు బిడ్డా. నా చెవులు వోయి శాన్నాళ్లాయె. కట్టె పలికింది ఇనవడలే. మల్లన్న పిలిచింది ఇనవడలే. గందుకే నాకోసం వాపసొచ్చిండు.”

సర్దారు చేతిలో బీడీ ఆగిపోయింది. యాదవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఉద్యోగం, ఇల్లు అన్నీ ఆ ఒక్క మాటతో పోయాయని అందరికీ అర్థమైంది. నాకైతే దుఃఖం ఆగలేదు.

చంద్రవ్వ తిట్టలేదు. జరిగి అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. మాట మాట విడదీసి అడిగింది. “మొఖమన్న జూసినవా?”

“చూసిన. నా బత్తి ఎలుగుల కనవడ్డది.”

“నోరు ఎట్ల తెరిచిండు?”

కొమురెల్లి గొంతు లేకుండా పెదవులు కదిలించి చూపాడు. అది “అన్నా” అన్నట్టుందో, “చంద్రా” అన్నట్టుందో నాకు తెలియలేదు. ఆమె మాత్రం ఆ నోటి మీంచి చూపు తీయలేదు.

“ఇంకోపాలి చూపెట్టు బావా” అంది.

అతను చూపాడు. సర్దారు లేచి వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ అడిగింది.