సీటు తాళం

ప్రభుదాసు కార్బొరేటర్ జెట్టును వెలుతురుకు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి చూశాడు. రంధ్రం శుభ్రంగా ఉంది. పొద్దున్నుంచీ శుభ్రంగానే ఉంది. అయినా మళ్లీ నోట్లో పెట్టుకుని ఊది, పెట్రోలు చేదును పక్కకు ఉమ్మేశాడు.

కొత్తకోటలో హైవే పక్కన, దాబాకూ టైర్ల దుకాణానికీ మధ్య, రేకుల కింద అతని షాపు. పెళ్లికి ముందు నుంచీ అదే పని. ఎంత సబ్బు రుద్దినా వేళ్ల గీతల్లో నల్లటి నూనె పోదు. ఆదివారం చర్చికి కూడా ఆ చేతులతోనే వెళ్తాడు. కోపమొస్తే బండిని తిడతాడు గాని తెచ్చినవాణ్ణి తిట్టడు. ఈవేళ ఆ మర్యాద కూడా తప్పేట్టుంది.

ఎదురుగా పాత టైరు మీద శాంతయ్య కూర్చున్నాడు. వరసకు ఏమీ కాడు, ఒకే వాడకట్టు. ఈ స్కూటర్ మీద గోపాల్‌పేట చుట్టూ ఊళ్లు తిరిగి గ్యాస్ పొయ్యిలు, కుక్కర్లు బాగుచేస్తాడు. కొన్నాళ్లుగా బండి మొండికేసింది. స్టార్ట్ అయితే అవుతుంది. కొంత దూరం పోయాక యాక్సిలరేటర్ తిప్పితే మాత్రం ముందుకు గుంజదు, దగ్గుతుంది, ఆగిపోతుంది.

"మాపటికి మేస్త్రి బండొస్తది తమ్మి," అన్నాడు శాంతయ్య. "మీ వదిన మూటలు గట్టింది. హైదరాబాద్‌ల బిల్డింగ్ పని. ఇది నడిస్తె నేను పోను. నడువకపోతె పోవుడే."

"నడుస్తది. జర ఓపిక పట్టు."

ప్లగ్గు మార్చాడు. ఎయిర్ ఫిల్టర్ దులిపాడు. పైపు పీకి ఊదాడు.

"టాంకీల పెట్రోలుందా అన్నా?"

శాంతయ్య లేచి చొక్కా ఎత్తాడు. సీటు తాళం చెవి అతని మొలతాడుకే ఉంటుంది. ఒకసారి సంతలో ఎవరో పెట్రోలు దొంగిలించారు. అప్పటినుంచి ఆ మూత మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. మొలతాడుతో సహా బండికి ఆనుకుని వంగి, సీటు లేపి, మూత తిప్పి చూసి, మళ్లీ గట్టిగా బిగించాడు.

"సగముంది."

ప్రభుదాసు ట్రయల్‌కు తీసుకుపోయాడు. బండి బ్రిడ్జి దాకా పోయి వచ్చింది, ఎక్కడా తడబడలేదు. ప్రాణం లేచొచ్చింది. శాంతయ్య నవ్వుకుంటూ ఎక్కి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఎండలో బండిని తోసుకుంటూ వచ్చాడు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది.

ప్రభుదాసుకు తల తిరిగిపోయింది. "నీకు రేస్ ఇచ్చుడు వస్తలేదన్నా! నా చేతిల మంచిగనే పోతుంది!"

"ఇన్నేండ్ల సంది తోలుతున్న. గిప్పుడు మర్చిపోయిన్నా?"

ప్రభుదాసు మళ్లీ విప్పాడు, మళ్లీ బిగించాడు. అడిగితే శాంతయ్యే మూత తీసి చూసి, పెట్రోలుందన్నాడు. బండి మళ్లీ కాసేపు బుద్ధిగా నడిచి, మళ్లీ ఆగింది. ప్రభుదాసు చేతిలోని పాన విసిరికొడితే రేకులు మోగాయి. దాబా వాళ్లు తొంగిచూశారు.

పొద్దు వాలుతుండగా మేస్త్రి వ్యాన్ హారన్ మోగింది. శాంతయ్య భార్య రాధమ్మ మూటలతో ముందే ఎక్కి కూర్చుంది. శాంతయ్య మొలతాడు దగ్గర ముడి విప్పబోయాడు, రాలేదు. షాపులోని బ్లేడుతో దారం కోసి చెవి ప్రభుదాసు చేతిలో పెట్టాడు.

"నువ్వే తోలుకో తమ్మి. పాతినుప సామానోనికి మాత్రం ఇయ్యకు."

ప్రభుదాసు తలెత్తలేదు. సిగ్గుతో, కోపంతో చెవిని గుప్పిట్లో బిగించాడు. వ్యాన్ పోయింది.

పెట్రోలు మొత్తం ఒంపేద్దామని మొదటిసారి తనే సీటు లేపి మూత తిప్పాడు. సుయ్‌మని గాలి లోపలికి పోయింది. మూత కింద నాలుగు మడతలు వేసిన ప్లాస్టిక్ కవరు, లోపలికి పీక్కుపోయి ఉంది.

మూతకు సూది మొనంత రంధ్రం ఉంటుంది. అందులోంచి గాలి పోతేనే పెట్రోలు కిందికి దిగుతుంది. కవరు దాన్ని మూసేసింది. శాంతయ్య మూత తీసిన ప్రతిసారీ టాంకీలోకి గాలి పోయింది, ఆ గాలితోనే బండి కాసేపు నడిచింది.

ప్రభుదాసు కవరు పీకి పారేసి బండెక్కాడు. బ్రిడ్జి దాటాడు, ఆ పై ఊరూ దాటాడు. ఎక్కడా ఆగలేదు. ఆగితే బాగుండుననిపించింది. వెనక్కి వచ్చి ఫోన్ చేశాడు.

"అన్నా, బండి నడుస్తుంది. దిగి బస్సెక్కి రా."

అటువైపు వ్యాన్ చప్పుడులో శాంతయ్య గొంతు పెంచాడు.

"గట్లనా," అన్నాడు శాంతయ్య. "జడ్చర్ల దాటినం గద. మేస్త్రికి మాటిచ్చిన తమ్మి. మూత కింద కవరుంటది, తియ్యకు. మొన్నటి వానలల్ల టాంకీల నీళ్లు పోతే నువ్వే చెప్తివి, నీళ్లు పోకుంట సూసుకొమ్మని. అప్పటిసంది పెడుతున్న."

ప్రభుదాసు తను పీకి పారేసిన కవరు వైపు చూశాడు.

"సరే అన్నా. తియ్యను," అన్నాడు.

ఫోన్ పెట్టేసి షాపు మూశాడు. రేకుల కింద స్కూటర్ ఒక్కటే మిగిలింది. సీటు తాళంలో చెవి వేలాడుతోంది. దానికి నల్లటి మొలతాడు ముక్క, ఎవరూ విప్పని ముడి.