మీ జుట్టు ఎలా ఉందమ్మా

మా దుకాణంలో విగ్గు అనే మాట వినబడదు. బోర్డు మీద ఉంటుంది, అది తప్పదు. లోపలికి అడుగుపెట్టాక మాత్రం అందరం జుట్టు అనే అంటాం. "మీ జుట్టు తయారైంది", "మీ జుట్టు కడిగి ఉంచాం", ఇలా. మా అత్తగారు పెట్టిన పద్ధతి ఇది. ఆవిడ పెట్టిన రెండో పద్ధతి ఇంకా గట్టిది. దుకాణానికి వచ్చినవాళ్ళు బయట ఎక్కడ కనబడ్డా మనం పలకరించకూడదు. పక్కన ఆఫీసువాళ్ళుండొచ్చు, కొత్త చుట్టాలుండొచ్చు. "ఆయనెవరు, నీకెలా తెలుసు?" అని ఒక్క ప్రశ్న పడితే చాలు, పాపం వాళ్ళు దాచుకున్నదంతా వీధిన పడుతుంది.

మా ఆయనకి ఇది శిక్షే. మనిషి కనబడితే పలకరించకుండా ఉండలేని రకం ఆయన. బస్సులో పక్క సీటాయన మోకాళ్ళ నొప్పి సంగతంతా దిగేలోపు రాబట్టి, ఇంటికొచ్చి నాకు పూసగుచ్చినట్టు చెబుతారు. అలాంటి మనిషికి కూరగాయల మార్కెట్లో మా కస్టమరు ఎదురైతే, ఉన్నట్టుండి బంగాళాదుంపల మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొస్తుంది. వంగి, ఒక్కోటీ తిప్పి తిప్పి చూస్తారు. ఆ కరువంతా దుకాణం లోపల తీర్చుకుంటారు. తలుపు మూసుకుందంటే చాలు, "ఎలా ఉన్నావమ్మా, జుట్టు ఎలా ఉంది, చెమట పడుతోందా, రాత్రి నిద్ర పడుతోందా" అని మొదలు.

నేను ముందు గదిలోకి పెద్దగా రాను. వెనక గదిలో కిటికీ పక్కన, చెక్క తలకి వల బిగించి, కొక్కెం ఉన్న సన్నటి సూదితో ఒక్కో వెంట్రుకా లాగి ముడేస్తుంటాను. ఒక్క తల నిండడానికి నెల దాటుతుంది. అందుకని నాకు ఓపిక ఎక్కువని చూసినవాళ్ళంతా అనుకుంటారు. ఓపికంతా సూదికే ఖర్చయిపోతుంది, మనుషులకి ఏమీ మిగలదు. ఆ సంగతి మా మరిదికి బాగా తెలుసు.

మరిది ప్రకటనల కంపెనీలో పని చేస్తాడు. ఒక ఆదివారం వచ్చి, ఖాళీ కుర్చీలు చూసి, ముఖం అదోలా పెట్టాడు. ఈమధ్య ఫోన్‌లో నొక్కితే మిషను మీద కుట్టిన జుట్టు అట్టపెట్టెలో ఇంటికే వస్తోంది. చేతిపని కోసం మా మెట్లెక్కేవాళ్ళు తగ్గిపోయారు. అలాగే సాగితే మూసుకోవాలని నాకూ తెలుసు, కానీ ఆ మాట పైకి అనడం ఇష్టం లేదు.

"వదినా, మీ దుకాణం ఉందని మీ వీధివాళ్ళకే తెలీదు" అన్నాడు.

"తెలీకూడదనే కదా వచ్చేవాళ్ళ కోరిక."

"సోషల్ మీడియాకి ఒక స్ట్రాటజీ ఉండాలి వదినా. ముందు, తర్వాత అని పక్కపక్కన రెండు ఫోటోలు పెడదాం. అదిరిపోతుంది."

"ఎవరి ఫోటోలు? నీవా? నీకూ పలచబడుతోందిగా, రా, కూర్చో."

వాడి చెయ్యి గబుక్కున నుదుటి మీదికి పోయింది. మా ఆయన నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయారు.

ఎగతాళి చేశాను గానీ, వాడు మంచివాడు. సెలవు పెట్టుకుని ముందు గదిలో ఓ మూల కూర్చుని వచ్చేవాళ్ళని చూశాడు. ఒకావిడ తలుపు తీసే ముందు వీధికి అటూ ఇటూ చూసింది. ఒక పెద్దాయన మా పక్కనున్న చెప్పుల షాపులోకి వెళ్ళి, కాసేపటికి బయటికొచ్చి, అప్పుడు మా దాంట్లోకి దూరాడు. అవన్నీ చూసి తనే నా దగ్గరికొచ్చాడు.

"ముఖాలొద్దు వదినా. నీ చేతులు చూపిద్దాం. చేతులూ, సూదీ, ముడీ. అంతే."

అక్కడ నాకు వాడి మీద గౌరవం కలిగింది. పైకి మాత్రం, "గోళ్ళు కత్తిరించుకోవాలి అయితే" అన్నాను.

పని పంచాడు. వీడియోలు తియ్యడం తన వంతు. పొద్దున్నే జనం బస్సుల్లో కూర్చుని ఫోన్లు చూసే వేళకి పోస్టు పెట్టడం కూడా తన వంతే. వచ్చిన కామెంట్లకి జవాబులివ్వడం మా ఆయన వంతు. "మాటల్లో నిన్ను మించినవాడు లేడన్నయ్యా. కానీ అందరికీ ఒకటే 'ధన్యవాదాలు' పడెయ్యకు. మనిషిని చూడు, పేరు చూడు, మన దుకాణంలో ఎలా మాట్లాడతావో అలాగే ఆప్యాయంగా రాయి" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మా ఆయనకి నెత్తిన పాలు పోసినట్టయింది.

నిజం చెప్పొద్దూ, వాడి ఉపాయం పని చేసింది. నా ముసలి వేళ్ళు ముడులు వేస్తుంటే చూడ్డానికి జనానికి ఏముందో నాకైతే అర్థం కాలేదు. చూశారు. ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు వచ్చాయి. జబ్బు చేసి జుట్టు ఊడిన కూతురి కోసం ఒక తల్లి రెండు బస్సులు మారి వచ్చింది. ముందు గదిలో కుర్చీలు మళ్ళీ నిండసాగాయి. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఒక్క వేలితో టైపు చేస్తూ, ఊరివాళ్ళందరి యోగక్షేమాలూ కనుక్కునేవారు.

మేము టీచరమ్మ అని పిలుచుకునే అమ్మాయి ఒకతి ఉంది. రెండేళ్ళ కిందట ఏదో మాయరోగంలా జుట్టంతా ఊడిపోయింది. కనుబొమ్మలు కూడా మిగల్లేదు. నేను చేసిన జుట్టు పెట్టుకుని కొత్త స్కూల్లో చేరింది. అక్కడ ఎవరికీ తెలీదు. పిల్లలతో పరుగెత్తుతుంది, ఆటలాడిస్తుంది, నుదుటి దగ్గర వదులైతే మా దగ్గరికొచ్చి బిగించుకుని పోతుంది. మా ఆయనని బాబాయ్ గారూ అంటుంది, నన్ను పిన్నిగారూ అంటుంది. నాకు ఆ పిల్లంటే ప్రాణం.

ఒకరోజు నా చేతుల వీడియో కింద ఆ అమ్మాయి, ముక్కూమొహం తెలియని మనిషి రాసినట్టు, "ఆ చేతుల్లో ఎంత నేర్పు ఉందో!" అని రాసింది. ఫోటో ఉంది, పేరుంది. మా ఆయన పొంగిపోయారు. కింద ఇలా రాశారు:

"మీ జుట్టు ఎలా ఉందమ్మా? పోయినసారి నుదుటి దగ్గర బిగించాం కదా, సరిగ్గా కూర్చుందా? ఆటలపోటీలు వస్తున్నాయన్నావు, ముందే ఒకసారి రా తల్లీ."

సాయంత్రం మరిది పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అన్నయ్యా, ఏం రాశావిది?"

"ఏం? బాగా లేదా?"

"ఇది అందరికీ కనబడుతుందన్నయ్యా! ఆవిడ స్కూలువాళ్ళకీ, పిల్లల తల్లిదండ్రులకీ, అందరికీ!"

మా ఆయన కళ్ళజోడు తీశారు. "మన దుకాణం పేజీ కదరా. మన బోర్డు, మన పేరు, మీ వదిన చేతులు. ఇది లోపలే అనుకున్నాను."

బయట ఎదురుపడిన మనుషుల ముందు అన్నేళ్ళపాటు నోరు కట్టుకున్న మనిషి. ఆయన్ని ఏమనను? ఆ కోపమంతా మరిది మీద చూపించాను. "ఆప్యాయంగా రాయమన్నావుగా, రాశారు, చూసుకో!" అని అరిచాను. వాడు ఆ జవాబు తీసేశాడు. టీచరమ్మకి ఫోను చేస్తే మోగింది, ఎత్తలేదు. తర్వాత మోగడం కూడా మానేసింది.

ఆ తర్వాత మా ఆయన ఫోను ముట్టుకోలేదు. కస్టమర్లొస్తే కుర్చీ చూపించి ఊరుకునేవారు. ఒకరోజు ఆ స్కూలు వీధి మలుపుదాకా వెళ్ళి వెనక్కి వచ్చేశారు. "గేటు ముందు నన్ను చూస్తే చాలదూ, తెలీనివాళ్ళకి కూడా తెలియడానికి" అన్నారు. క్షమాపణ చెప్పుకోవడానికి కూడా ఆ పిల్ల ఎదుటికి పోలేని పరిస్థితి మాది. తనే రావాలి. వస్తుందని నాకు నమ్మకం లేదు.

వచ్చింది. ఓ మధ్యాహ్నం, తలుపు తోసుకుని సరాసరి లోపలికి. ముఖం పీక్కుపోయి ఉంది. మరిది అక్కడే ఉన్నాడు. నేను సూది వదిలేసి ముందు గదిలోకి వచ్చాను.

"ఎవరో ఆ జవాబుని ఫోటో తీసి పేరెంట్స్ గ్రూపులో పెట్టారు పిన్నిగారూ" అంది. "పిల్లలు పాఠం వినడం మానేసి నా నుదురు చూస్తున్నారు. హెడ్మాస్టరుగారు పిలిచి, మీకేం ఇబ్బంది లేదు కదా అనడిగారు. అదింకా ఘోరం."

"తప్పయిపోయిందమ్మా" అన్నారు మా ఆయన. "అది లోపలే అనుకున్నాను."

"చూడగానే తీసేశానండీ నేను" అన్నాడు మరిది, కాస్త ఊరట కలిగిద్దామని.

ఆ అమ్మాయి గిర్రున వాడి వైపు తిరిగింది. "ఎందుకు తీశారు? నేనే ఏడ్చి మొత్తుకుని తీయించానంటున్నారు అందరూ. దొంగతనం చేసి దొరికిపోయినట్టయింది నా పని. రాసేటప్పుడూ నన్నడగలేదు, తీసేటప్పుడూ నన్నడగలేదు. నేను ఎప్పుడో ఒకరోజు చెప్పేదాన్నేమో, అసలు చెప్పేదాన్నే కాదేమో. అది నా ఇష్టం కాదా?"

మరిది తల దించుకున్నాడు.

తను కుర్చీలో కూలబడింది. మా ఆయన వైపు చూసింది. "మీరు రాసింది చదివినప్పుడు, మొదట నాకూ ఇక్కడ కూర్చున్నట్టే అనిపించింది బాబాయ్ గారూ. నవ్వొచ్చింది కూడా. తర్వాతే ఒళ్ళు చల్లబడింది. ఆ స్కూల్లో 'మీ జుట్టు భలే ఉంది' అన్నవాళ్ళే గానీ, 'ఎలా ఉంది' అని అడిగినవాళ్ళు లేరు." కళ్ళు తుడుచుకుంది. "అది మళ్ళీ పెట్టండి."

"తీసేస్తే మళ్ళీ రాదండీ" అన్నాడు మరిది మెల్లిగా. "కొత్తగా రాయాలి."

"అయితే రాయండి. అదే మాట. ఒక్క ముక్క మార్చొద్దు."

మా ఆయన ఫోను అందుకోవడానికి జంకారు. నేనే తెచ్చి చేతిలో పెట్టాను. ప్రతి మాటకీ ఆ అమ్మాయి ముఖం చూస్తూ, మొత్తం మళ్ళీ రాశారు. ఆఖరికి ఫోను ఆ పిల్ల ముందుకు చాచారు, పంపమంటావా అన్నట్టు. తను చదువుకుంది. తలూపింది.

తర్వాత తన ఫోను తీసింది. చాలాసేపు రాసింది, చెరిపింది, రాసింది. మా ఫోను టింగుమంది. మరిది పైకి చదివాడు.

"మళ్ళీ వదులైంది బాబాయ్ గారూ. పిల్లలతో పరుగెత్తుతాను కదా. బిగించుకోవడానికి మీ దగ్గరికే వచ్చాను."

చదువుతుండగానే ఫోను ఇంకో రెండుసార్లు మోగింది, దాని కింద వేరేవాళ్ళ కామెంట్లు. మరిది ఫోను వైపు ఒకసారి చూశాడు. వాడికి ఇలాంటివి చూస్తే చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు. ఆ అమ్మాయికీ తెలిసినట్టుంది. "దీన్ని వీడియో చెయ్యకండి" అంది.

"చెయ్యనండీ" అని వాడు ఫోను బోర్లా పెట్టేశాడు.

"నా కామెంటుకి జవాబు రాయరా బాబాయ్ గారూ?" అంది తను, కొంచెం నవ్వబోయి.

"నువ్విక్కడే ఉన్నావుగా తల్లీ" అన్నారాయన.

ఎప్పటిలాగే, జుట్టు తీసేవాళ్ళ కోసం మూలన కట్టిన తెర చాటుకి వెళ్ళింది. చెయ్యి మాత్రం బయటికి చాపి, జుట్టు నాకు అందించింది. నుదుటి వైపు వల నిజంగానే సాగిపోయి ఉంది. సూది తెచ్చుకున్నాను గానీ కళ్ళు మసకబారి దారం దొరకలేదు, ఏడుస్తున్నానని ఎవరూ గమనించలేదు. మా ఆయన కుర్చీ తెర దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"నిద్ర పడుతోందా అమ్మా?"

"లేదు బాబాయ్ గారూ" అంది తెర అవతలి నుంచి. ఆ మీదట స్కూల్లో ఎవరెవరు ఏమన్నారో మొదటి నుంచీ చెప్పుకొచ్చింది.