సున్నా పాయింట్ ఏడు

ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్‌ని గుమ్మం దాటించబోతూ ప్రమోదిని ఆగిపోయింది. కుడి పక్కటెముకలో ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. అది ఆమెకొక్కతికే వినిపించింది.

"ఏటే, అక్కడే నిలబడిపోనావు? తోటలో కూలోళ్ళు నీళ్ళకి సూత్తన్నారు," లోపల్నుంచి అత్త చిన్నతల్లి కేక.

రెండేళ్ళుగా నడుము, తొడలు, పాదాలు ఇలాగే పీకుతున్నాయి. మంచం మీంచి లేవాలన్నా గోడ పట్టుకోవాలి. ఊరూరా కిడ్నీ జబ్బులున్న ఈ ఉద్దానంలో ఎవరికి ఏ నొప్పి వచ్చినా ముందు రక్తం తీసి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తారు. అది పెరగలేదంటే ఇక జబ్బు లేనట్టే. ఆమెది సున్నా పాయింట్ ఏడు. భర్త త్రినాథరావు ఆ రిపోర్టు కాగితాన్ని బీరువా అద్దానికి అంటించి, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు: "ఈ వీధిలో ఇంత మంచి నంబరు ఎవులికుంది? అయినా మూలుగుతాది." అతని అన్న డయాలసిస్ మీదే పోయాడు. ఆ భయం తెలుసు కనకే ఇన్నాళ్ళూ ఆమె ఆ కాగితానికి తలొగ్గింది. ఈ ఇంట్లో నొప్పికి కూడా తెలిసిన పేరుంటేనే మర్యాద.

పోయిన వారం టెక్కలిలో డాక్టర్ భార్గవి అన్నీ విడమరిచి చెప్పింది. "వయసుతో వచ్చేదైతే ఎముక పలచబడుతుంది. కిడ్నీ పాడైతే భాస్వరం ఒంట్లో పేరుకుని ఎముకను గుల్ల చేస్తుంది. మీకు జరుగుతున్నది దానికి సరిగ్గా వ్యతిరేకం. కిడ్నీలు బాగానే ఉన్నా భాస్వరం మూత్రంలో పోతోంది, ఎముక మెత్తబడుతోంది. చాలా అరుదు. ఒంట్లో ఎక్కడో చిన్న గడ్డ దాగి ఉండొచ్చు. దొరికితే తీసేస్తారు, ఎముకలు మళ్ళీ గట్టిపడతాయి. ఆలస్యం చేస్తే ఒక్కొక్కటే విరుగుతాయి." గురువారం విశాఖలో స్కాన్‌కి రాసిచ్చింది.

"జీడిపిక్కల పని అయ్యాక సూద్దాం" అన్నాడు త్రినాథరావు నిన్న.

ఇవాళ గురువారం.

ప్రమోదిని క్యాన్‌ని గుమ్మంలోనే వదిలేసింది. గదిలోకి వెళ్ళి అద్దం మీది కాగితాన్ని మెల్లగా ఊడదీసింది. అదున్న చోట, ఇన్నాళ్ళకి, ఆమె ముఖం కనబడింది. కాగితం సంచిలో పెట్టుకుని, పక్కటెముకను అరచేత్తో అదుముకుంటూ బయటికొచ్చింది.

పెరట్లో పిక్కలు ఆరబోస్తున్న త్రినాథరావు తలెత్తాడు. "ఎక్కడికే?"

"పలాసలో రైలెక్కాలి. విశాఖకి."

"మరి కూలోళ్ళకి నీళ్ళు?"

"గుమ్మంలో ఉన్నాయి," అంది చెప్పులేసుకుంటూ. "మీ కిడ్నీలూ బాగున్నాయి కదా. మీరు మొయ్యండి."