కుడికాలి బొబ్బలు

సాయంత్రం ఇల్లు చేరగానే లుటీషా చేసే మొదటి పని, బేసిన్‌లో ఉప్పునీళ్ళు పోసుకుని ఎడమకాలు ముంచడం. కుడికాలికి ఆ అవసరం లేదు. హాలోవెల్ ఊళ్ళో నల్లవాళ్ళెవరూ బస్సెక్కక ఎనిమిది నెలలైంది. తెల్లవాళ్ళొస్తే సీట్లోంచి లేవాలన్న రూలు తీసేసేదాకా ఎక్కబోమని ఒట్టేసుకున్నారు. ఇస్త్రీ పనికి నాలుగు మైళ్ళు వెళ్ళి, నాలుగు మైళ్ళు తిరిగొచ్చి, లుటీషాకి ఆ ఒట్టు మీద కూడా విసుగొచ్చింది.

ఆవేళ గుమ్మంలో ఆగస్టా నిలబడి ఉంది. బస్సు కంపెనీ మేనేజరు భార్య. నెత్తిన చర్చికి పెట్టుకునే టోపీ, ఎడమకాలికి మెరిసే జోడు, కుడికాలికి గుడ్డ కట్టు.

వీళ్ళిద్దరూ ఒకే వంటింట్లో పెరిగారు. లుటీషా తల్లి మొజెల్ ఆగస్టా వాళ్ళింట్లో వంటమనిషి. జోళ్ళ కొట్లో నల్లపిల్లలు జోడు తొడిగి చూసుకోకూడదు. పాదం కాగితం మీద గీసి పట్టుకెళ్ళాలి. లుటీషాకి ఆరేళ్ళప్పుడు మొజెల్ ఖాకీ కాగితం పరిచి ఎడమపాదం గీసిందో లేదో, "నాది కూడా" అంటూ ఆగస్టా తన కుడిపాదం పక్కన పెట్టేసింది. ఆనాటి నుంచి ఇద్దరి ఎడమకాలి బాధలూ లుటీషావి, కుడికాలివి ఆగస్టావి. ఊళ్ళో ఎవరూ వింతపడలేదు. పన్నెండో ఏట ఆటలు మాన్పించారు, "అమ్మగారూ" అని పిలవమన్నారు. పాదాలకి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆగస్టా పెళ్ళినాడు కొత్త జోడు కరిస్తే, లుటీషా వంటింట్లో కుంటుకుంటూ గిన్నెలు తోమింది.

"కూర్చోండమ్మగారూ."

"కూర్చుంటే మళ్ళీ లేవలేనే. ఎక్కవే లుటీ, ఆ బస్సేదో. నీ నడక నా ప్రాణం తీస్తోంది."

"నా ప్రాణం హాయిగా ఉందనుకున్నారా?"

"మా ఆయన ఆ కాగితం తెమ్మన్నాడు. మధ్యకి కత్తిరిస్తే ఎవరి కాళ్ళు వాళ్ళవైపోతాయట."

మంచంమీంచి మొజెల్ అంది, "అడిగి మరీ గీయించుకున్నది ఆవిడేగా. ఇచ్చెయ్యవే."

లుటీషా సగం నొప్పితోనే ఇంతదాకా ఈడ్చుకొచ్చింది. రెండు కాళ్ళూ పుండైతే వారం రోజులు కూడా తన వల్ల కాదు. అందరి కళ్ళ ముందూ బస్సెక్కాల్సిందే. అయినా ఇవ్వనని ఏ మొహంతో అంటుంది? పెట్టె తీసి కాగితం ఇచ్చింది.

ఆగస్టా విప్పి చూసింది. రెండు చిన్న పాదాలు, ఒక జత.

"ఇంత చిన్నవా," అంది. మడిచి సంచీలో పెట్టుకుంది. "కత్తెర ఇంట్లో ఉంది," అని కుంటుకుంటూ కారెక్కింది.

మర్నాడు పొద్దున్నే లుటీషా బయల్దేరింది. రెండో మైలుకి ఎడమకాలు మండడం మొదలైంది. కుడికాలు ఎప్పుడు మొదలెడుతుందా అని భయంభయంగా నడిచింది. మూడో మైలు దగ్గర ఇక ఆగలేక, బస్టాపు పక్కన రాయి మీద కూర్చుని కుడిజోడు విప్పింది. అరికాలు నున్నగా ఉంది. ఒక్క బొబ్బ లేదు. ఆమెకి ఏడుపొచ్చింది.

ఖాళీ బస్సు వచ్చి ఆగింది.

"ఏం, ఇవాళైనా ఎక్కుతావా?" అన్నాడు డ్రైవరు.

"లేదయ్యా, పోనియ్యి."

జోడు తొడుక్కుని లేచింది. మిగిలిన మైలంతా కుడికాలు కాస్త మెల్లగా వేస్తూ నడిచింది.