ముందు బెంచీ మీది బొంత

చర్చి నేలమాళిగలో ఎనభై మందికి కాఫీ కాచడం ఆర్లిస్ పని. ఈ పని ఎవరప్పగించారో ఎవరికీ గుర్తులేదు. తను మానేస్తే ఎవరు చేస్తారో ఎవరూ ఆలోచించనూ లేదు. బొంతల ఆదివారం నాడైతే కాఫీతో తెమలదు. ప్రార్థన అయ్యాక ఊరందరికీ భోజనం కూడా బొంతలు కుట్టిన ఆడవాళ్ళే పెట్టాలి. ఏడాది పొడుగునా మంగళవారం మంగళవారం కూర్చుని, ఓడెక్కి ఎక్కడెక్కడికో పోయే బొంతలు కుట్టినందుకు వాళ్ళకి దక్కే సన్మానం అది. ఆర్లిస్ పొద్దున్నే ఆరింటికి వచ్చి, మాంసం మీద బంగాళాదుంప ముక్కలు పరిచిన ట్రేలు పొయ్యిలోకి తోసి, కప్పులు తుడుస్తోంది. నిన్న చీకటి పడేదాకా సోయా గింజల లారీ నడిపిన నడుం వంగనంటోంది. పైన మగవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి వానల సంగతి మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ బూట్ల చప్పుడు నెత్తిమీద వినిపిస్తోంది.

మంగళవారం గుంపుకి పెద్ద లవోన్ మెట్లు దిగి వచ్చింది. ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు. కుట్టు వంకర పోతే విప్పదీసేదాకా ఆవిడకి ముద్ద దిగదు.

“నీ గురించి ఏదో అనుకున్నానమ్మాయ్. తప్పు నాదే. నీ మనసు ఇంత పెద్దదని నాకేం తెలుసు?” అంది ఆర్లిస్ భుజం తట్టి.

రెండు ట్రేలు ఎక్కువ చేసినందుకేమో అనుకుంది ఆర్లిస్. లవోన్ నోట మెప్పు రావడమే వింత. ఆ వింతలో పడి ఇంకేమీ అడగలేదు.

ఈ మెట్లు మొదటిసారి దింపింది అత్తగారు. పెళ్ళయి వారం తిరక్కుండానే చేయి పట్టుకుని తీసుకొచ్చి, “మన ఇంటి ఆడవాళ్ళు మంగళవారం ఇక్కడుంటారు” అంది. ఇష్టమేనా అని అడగలేదు. “ముడి బిగించు, నోరు వదలకు” అని ఓ మూల కూర్చోబెట్టింది. ముప్పై నాలుగేళ్ళుగా ఆర్లిస్ ఆ మూలే కూర్చుంటోంది. దానం బొంతకి ఒక పద్ధతుంది. చిరిగిన పరదాలు, పోయినవాళ్ళ పాంట్లు ముక్కలు కోసి అతికిన పొర పైన, పాత దుప్పటి ఒకటి కింద, వెచ్చదనానికి ఇంకొకటి మధ్యన. మూడింటినీ చట్రానికి బిగించి జానెడుకో ముడి వేస్తే అయిపోయింది. అన్నీ ఒకే కొలత, ఒక మనిషి కప్పుకునేంత. దాని మీద ఎవరి పేరూ రాయరు. “ఎవరు కుట్టారో దేవుడికి తెలుసు” అంటుంది లవోన్. దేవుడి సంగతేమో గానీ, చర్చి కప్పు మార్చేటప్పుడు రెండ్రోజులు ట్రాక్టరు పంపిన డ్వేన్ పేరు మాత్రం ఇత్తడి పలక మీద చెక్కి గుమ్మం పక్కనే తగిలించారు. డ్వేన్ ఆర్లిస్ మొగుడు. చర్చి కమిటీకి పెద్ద. ఆయన చేతికి ఎముక లేదంటారు ఊళ్ళో. ఎవరింట్లో కష్టమొచ్చినా “మా ఆర్లిస్ వండి పంపిస్తుంది”, “మా ఆర్లిస్ వచ్చి కూర్చుంటుంది” అని మాటిచ్చేస్తాడు. ఆ సంగతి ఆర్లిస్‌కి తెలిసేది వండాల్సిన రోజునే.

అత్తగారు ఆరేళ్ళు మంచాన పడింది. మెట్ల పక్క చిన్న గదిలో ఆవిడ మంచం, ఆ మంచం పక్కన ఆర్లిస్ కుర్చీ. ఆరేళ్ళ నిద్ర ఆ కుర్చీలోనే. ఆవిడ పోయాక మళ్ళీ డ్వేన్ పక్కకి వచ్చి పడుకుంటే, ఇక్కడా నిద్ర లేదని తెలిసింది. గుర్రు పెడతాడు, దుప్పటి లాక్కుంటాడు, ఛాతీలో మంటంటూ లేపి మాత్ర అడుగుతాడు. మాత్ర ఆయన చేతికందే దూరంలోనే ఉంటుంది. తనకి ఓ మంచం కావాలనిపించింది. ఎవరూ లేపని మంచం. అంత చిన్న కోరిక నోటితో అనడానికి ఆమెకి ఎన్ని నెలలు పట్టిందో! ముందు ఆ గదికి తెల్లరంగు వేసింది. తర్వాత బొంత మొదలెట్టింది. ఎగిరే బాతుల బారులా ముక్కోణాలు వరసగా పేర్చే నమూనా, అన్నీ నీలాలే. ముదురు నీలం, లేత నీలం, పొద్దుపోయే వేళ చెరువు మీది నీలం. అన్నీ కొత్త బట్టలే. తన కోసం కొత్త బట్ట కోయడం అదే మొదలు. కత్తెర పెట్టేటప్పుడు దొంగతనం చేస్తున్నట్టు అటూ ఇటూ చూసుకుంది. ఇందులో ముడులు లేవు. బియ్యపు గింజంత కుట్లు, చేత్తో, మూడు చలికాలాలు, బట్టలుతికే మిషను పక్కన కూర్చుని కుట్టింది. ఆ మూడు చలికాలాల్లోనూ డ్వేన్ ఒక్కసారైనా “ఏం కుడుతున్నావు?” అనలేదు.

లవోన్ మాత్రం అడిగింది. మొన్న వసంతంలో, మూడు పొరలూ కలిపి పట్టించడానికి ఇంట్లో చోటు చాలక ఓ మంగళవారం ఇక్కడి చట్రానికి బిగించింది ఆర్లిస్. లవోన్ దాని మీద జానలు వేసి చూసి, కళ్ళద్దాల మీంచి చూపు పైకెత్తింది.

“ఒంటి మంచానిదే! మీ ఇంట్లో ఒంటి మంచం ఎవరిదమ్మాయ్?”

చట్రం చుట్టూ సూదులన్నీ ఆగాయి. “చుట్టాలొస్తే...” అంది ఆర్లిస్. చుట్టాలెవరూ రారని అక్కడ అందరికీ తెలుసు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ అబద్ధం గుర్తొచ్చినప్పుడల్లా తనని తనే తిట్టుకునేది. నిద్ర కావాలి అని చెప్పడానికేం? తనేం తప్పు చేసిందని?

మొన్న గురువారం అంచు కుట్టడం అయిపోయింది. చిన్న గదిలో మంచం మీద పరిచి, అన్నం దగ్గర డ్వేన్‌తో చెప్పింది, ఆదివారం నుంచి ఆ గదిలో పడుకుంటానని.

“మనకేమైనా గొడవైందా?”

“గొడవేం లేదు. నాకు నిద్ర కావాలి.”

“మొగుడుండగా వేరే గదిలో పడుకుంటావా? ఊళ్ళో తెలిస్తే నా పరువేం గాను?”

“ఆరేళ్ళు ఆ గదిలోనే కుర్చీలో పడుకున్నాను. అప్పుడు పోని పరువు ఇప్పుడు పోతుందా?”

“అది వేరు. అది మా అమ్మ కోసం” అన్నాడు. తర్వాత రొట్టెకి వెన్న రాసుకుంటూ ఊరుకున్నాడు. ఊరుకున్నాడంటే ఒప్పుకున్నాడని అనుకుంది, పిచ్చిది. శనివారం లారీ నడపడానికి మనిషి లేడని ఆమెని పొలానికి పంపాడు. తను కమిటీ పనుందని చర్చికి వచ్చాడు. ఆ సాయంత్రమే లవోన్, మిగతా ఆడవాళ్ళు బెంచీల మీద బొంతలు పరిచారు. చీకటి పడ్డాక ఇంటికొచ్చిన ఆర్లిస్ చిన్న గది తలుపు తీయకుండానే పడుకుంది.

గంట మోగింది. ఆర్లిస్ చేతులు తుడుచుకుని పైకి వెళ్ళింది. బెంచీల వీపుల మీద వరసగా బొంతలు, గోధుమ రంగువి, గళ్ళవి, ఎవరివో పరదాలు, ఎవరివో పాంట్లు. అన్నిటికన్నా ముందు బెంచీ మీద, కిటికీ వెలుగు సూటిగా పడే చోట, నీలం బాతులు.

మొదట అలాంటిదే ఇంకొకరు కుట్టారేమో అనుకుంది. మనసు ఎంత వెర్రిదో! దగ్గరికెళ్ళి చూస్తే మొన్న గురువారం తను తెంపిన దారం కొస ఇంకా అంచున వేలాడుతోంది. దాని పక్కనే డ్వేన్, కోటు వేసుకుని, బొంత మీద చేయి చాపి, పక్కవాళ్ళ పలకరింపులు అందుకుంటూ కూర్చుని ఉన్నాడు. లవోన్ మెప్పు అప్పుడు అర్థమైంది. మొగుణ్ణి చొక్కా పట్టుకుని లేపాలనిపించింది. అలవాటు కొద్దీ వెళ్ళి పక్కన కూర్చుంది.

పాస్టరు లిండెల్ అన్ని ప్రకటనలూ చదివి, నవ్వుతూ ముందు బెంచీ వైపు తిరిగాడు. “ఈసారి ఒక ప్రత్యేకమైన కానుక. మన డ్వేన్ గారు తమ ఇంట్లోంచి చేత్తో కుట్టిన ఈ అందమైన బొంత ఇచ్చారు. ఇంత మంచి వస్తువు వదులుకోవడానికి పెద్ద మనసుండాలి.” అందరూ చప్పట్లు కొట్టారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది వ్యవహారం. డ్వేన్ తల వంచి, చాలా వినయంగా చప్పట్లు అందుకున్నాడు.

ఆ తర్వాత ఆచారం ప్రకారం అందరూ తమ దగ్గరున్న బొంత మీద అరచేయి పెట్టి కళ్ళు మూసుకున్నారు. పాస్టరు ప్రార్థన మొదలెట్టాడు. చలిలో ఉన్నవారి కోసం, ఇల్లు లేనివారి కోసం. ఆర్లిస్ లేచి నిలబడి బొంత కొస పట్టుకుంది.

“చెయ్యి తియ్యి” అంది మెల్లగా.

డ్వేన్ ఒక కన్ను తెరిచాడు. “కూర్చో. అందరూ చూస్తారు.”

“అందరూ కళ్ళు మూసుకున్నారు. ఎవరినడిగి తెచ్చావు?”

“అడిగేదేముంది? మన ఇంట్లోదేగా. సరిగ్గా దానం కొలతేనని లవోన్ గారే అన్నారు. ఎవడో చలికి చచ్చేవాడికి పనికొస్తుంది. నీకేం తక్కువైంది? మంచం లేదా, మొగుడు లేడా?”

ఆమె లాగింది. ఆయన వదల్లేదు. ఆయన చేతి కింద మూడు చలికాలాలు నలుగుతున్నాయి. “దేవా, ఇచ్చిన చేతుల్ని దీవించు” అంటున్నాడు పాస్టరు. ఇచ్చిన చేతులు! ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆమేన్ అని అందరూ కళ్ళు తెరిచేసరికి మొగుడూ పెళ్ళాం చెరో కొసా పట్టుకుని ఉన్నారు.

“ఆర్లిస్ గారూ, ఏదైనా ఇబ్బందా?” అన్నాడు పాస్టరు.

“ఏం లేదండీ, కోతల్లో బాగా అలిసిపోయింది” అని డ్వేన్ నవ్వాడు. చంటిపిల్ల తప్పు చేస్తే పెద్దవాళ్ళు సర్దిచెప్పే నవ్వు. చర్చి మొత్తం ఆయనతో పాటు కాస్త నవ్వింది. ముప్పై నాలుగేళ్ళలో ఆ నవ్వు ఆమె ఎన్నోసార్లు విని ఊరుకుంది. ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు.

“ఇది దానానిది కాదు పాస్టరు గారూ. కుట్టింది నేను. ఇవ్వమని నన్నెవరూ అడగలేదు. ఇంటికి తీసుకెళ్తున్నాను.”

రెండో వరసలోంచి లవోన్ లేచింది. “ఛీ ఛీ, ఇదేం చోద్యం! ప్రార్థన కూడా అయ్యాక దేవుడికిచ్చింది వెనక్కి తీసుకుంటారా ఎవరైనా? అయినా మొగుడున్నదానివి, ఒంటి మంచం బొంత నీకెందుకు?”

మళ్ళీ అదే ప్రశ్న. ఆ రోజు చట్రం చుట్టూ ఉన్న మొహాలన్నీ ఇక్కడా ఉన్నాయి. ఈసారి చుట్టాలు ఆమె నోటికి రాలేదు.

“ఒంటిగా పడుకోవడానికి, లవోన్ గారూ. మా అత్తగారి గదిలో. ఈ రోజు నుంచే.”

ఎక్కడో వెనక వరసలో దగ్గు వినిపించింది. డ్వేన్ మెడ దాకా ఎర్రబడ్డాడు. “నోర్ముయ్” అన్నాడు పళ్ళ మధ్యనుంచి. అయినా ఊరంతా చూస్తోంది కాబట్టి బొంత మీంచి చేయి తీయక తప్పలేదు. ఆర్లిస్ బొంతని గుండెలకి ఆనించుకుని మడత పెట్టడం మొదలెట్టింది. మడత సరిగానే వస్తోంది.

లవోన్ వదల్లేదు. “రేపు లారీ వస్తుంది. ఇన్ని బొంతలని రాసి పంపించాం. ఎవడో పాపం నీ మూలాన చలికి వణకాలా? ఇప్పుడొకటి తగ్గితే ఆ పాపం ఎవరిది?”

“తగ్గదు లెండి. ఇక్కడ పెళ్ళయిన ప్రతి జంటకీ మీరు పెద్ద బొంత కుట్టిస్తారే, మాకిచ్చింది మా మంచం మీదే ఉంది. సాయంత్రం తెచ్చిస్తాను. ఎవరైనా ఇద్దరు కప్పుకుంటారు.”

“ఆర్లిస్! మరి నేనేం కప్పుకోను?”

ఆ మాట డ్వేన్ నోట్లోంచి తెలియకుండానే వచ్చేసింది, గట్టిగా, చర్చి అంతా వినేలా. ఆర్లిస్ బొంత చంకన పెట్టుకుని, బెంచీల మీద వరసగా పరిచి ఉన్న దానం బొంతల్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూపించింది.

“ఇన్నున్నాయిగా. లవోన్ గారినడిగి ఒకటి పట్టుకురా. అన్నీ ఒంటి మంచానివే.”