ఎలుక వీపులో పన్ను

అక్కకి ఒళ్ళు మండిపోయింది. తమ్ముడి మంచం పక్కన, తను రోజూ కూర్చునే కుర్చీలో, తెల్లకోటు వేసుకున్న పెద్దమనిషి ఎవరో తిష్ఠ వేసి ఉన్నాడు. ఏదో ఆసుపత్రి పంపిందట. పరంజా మీద నుంచి పడి నడుం కింద స్పర్శ పోగొట్టుకున్న తమ్ముడికి వెన్నులో పిండకణాలు ఎక్కిస్తారట. వచ్చే నెల తారీఖు కూడా ఖాయం చేసేశాడు.

"ఏ కణాలుగా మార్చి ఎక్కిస్తారు?" అంది అక్క.

"మార్చడమెందుకమ్మా? పిండంలోని కణం ఏదైనా కాగలదు. లోపలికెళ్ళాక ఏం కావాలో అదే చూసుకుంటుంది."

అక్క పనిచేసేది ఆ కణాలను పెంచే ల్యాబులోనే. ఏదైనా కాగలదు కాబట్టే ఆమెకు వాటంటే భయం. పిండంలో చుట్టూ ఉన్న కణాలు దారి చూపిస్తేనే ఒకటి చర్మమవుతుంది, ఒకటి గుండె, ఒకటి నరం. ల్యాబులో ఆ దారి చూపించే చాకిరీ ఆమెది. ఈ రోజు ఈ మందు, రేపు ఇంకో మందు, ఆదివారం లేదు, సెలవు లేదు. ఒక్క మెట్టు తప్పిందా, నరం కావలసింది ఇంకేదో అయి కూర్చుంటుంది.

"అదే చూసుకుంటుందా? ఏ దారీ చూపని కణాల్ని ఎలుక వీపులో పెట్టి చూశాం మేము. గడ్డ లేచింది. కోస్తే లోపల వెంట్రుకలు, ఎముక ముక్క, పన్ను! వీడి వెన్నులో పళ్ళు మొలిపిస్తావా? వీడికి మిగిలినవి ఆ రెండు చేతులు, గడ్డ పైకి పాకితే అవీ పడిపోతాయి, వాటినీ లాక్కుంటావా? లే! ముందు నా కుర్చీలోంచి లే!"

పెద్దమనిషి సంచీ చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. అతను వదిలేసిన రంగుల కాగితాన్ని అక్క ముక్కముక్కలుగా చింపేసింది.

"వాడు అబద్ధాలకోరని నాకు తెలుసక్కా," అన్నాడు తమ్ముడు.

"తెలిసీ ఎందుకు రమ్మన్నావురా?"

"తారీఖు చెప్పాడని. నువ్వు చెప్పు, మీ ల్యాబు కణాలు నా వెన్నుకి ఎప్పుడు?"

అక్క చింపిన ముక్కలు గుప్పిట్లో నలిపింది. "చెప్పలేనురా. అసలు అవుతుందో లేదో కూడా చెప్పలేను."

తమ్ముడి మొహం ఎర్రబడింది. "మరి రోజూ వచ్చి 'ల్యాబులో పని జరుగుతోందిరా, జరుగుతోందిరా' అంటావేం? వాడి మీద అంత అరిచావే, నువ్వు నాకు అంటగట్టిందేంటి?"

పెద్దమనిషి కూర్చున్న వెచ్చదనం ఇంకా పోని కుర్చీలో అక్క కూలబడింది.