కాటర్ ఇంటి దగ్గర ఎడమకు

1921 మార్చి పదహారు, బుధవారం, ఉదయం ఏడున్నర. స్థలం, కార్క్ ప్రాంతపు పడమటి కొసన ఉన్న కిల్‌బార్నా గ్రామ పాఠశాల. హాజరైనవారు: ఆంగ్ల సైన్యపు కెప్టెన్ థార్న్‌లీ, అరవయ్యేడేళ్ల హనోరా క్రీడన్, వాంగ్మూలం రాయడానికి కూర్చోబెట్టిన బడిపంతులునైన నేను. బయట రెండు లారీల నిండా సిపాయిలు.

ఊబినేలకు అవతల, కెలహర్ల కుటుంబం వారి కొట్టంలో, మా స్వాతంత్ర్య దళం వాళ్లు పద్నాలుగుమంది తెల్లవారుజామున వచ్చి పడుకున్నారు. వారిలో హనోరా చిన్నకొడుకు డెక్లాన్ ఒకడు. ఆ సంగతి ఎవరో కెప్టెన్ చెవిన వేశారు గాని దారి చెప్పలేదు. దారిపలకలన్నింటినీ మేము ఏడాది క్రితమే పీకేశాం. లారీలను చూడగానే హనోరా కోడలు కబురు పట్టుకుని పొలాలకు అడ్డంపడి పరుగెత్తింది. కుర్రాళ్లు లేచి కొండ దాటడానికి రెండు గంటలైనా కావాలి. దారి తెలిస్తే లారీకి అరగంట చాలు.

కిందటి నెల దారి చూపిస్తానని ఎక్కినవాడొకడు లారీని తిన్నగా ఊబిలో దింపించి, తాను దూకి పారిపోయాడు. అప్పటినుంచి కెప్టెన్ పద్ధతి మార్చాడు. మనిషిని వెంట తీసుకుపోడు. బైబిల్ మీద ప్రమాణం చేయించి దారి రాయించుకుంటాడు. ఒక్క మాట అబద్ధమని తేలినా జైలే.

"అబద్ధాలాడే వయసా బాబూ నాది?" అంటూ హనోరా బైబిల్ మీద చెయ్యి వేసింది. "రాసుకోండి మాస్టారూ. తిన్నగా పోయి కాటర్ ఇంటి దగ్గర ఎడమకు తిరగాలి."

"పెద్ద ఇల్లేనా?" అన్నాడు కెప్టెన్.

"అబ్బో, పదిమంది పిల్లల్ని పెంచారయ్యా అందులో!"

నా కలం ఒక్క క్షణం ఆగింది. కాటర్ కుటుంబం ఓడెక్కి వెళ్లిపోయి నలభై ఏళ్లయింది. ఇల్లు కూలింది; దాని రాళ్లు ఊళ్లోని సగం గోడల్లో ఉన్నాయి. అయినా దారి అడిగినవారికి మేమందరం కాటర్ ఇల్లనే చెబుతాం. కూలినవాటిని దారుల్లోంచి తీసేయడం మాకు చేతకాదు.

"తర్వాత కమ్మరి కొలిమి. అది దాటి, పెద్ద చెట్టు దగ్గర కుడికి."

కొలిమి మా తాత కాలంలో తగలబడింది. చెట్టు గాలివానకు పడిన ఏటికి నేనింకా పుట్టలేదు.

"అందరికీ తెలిసిన గుర్తులేనా?"

"ఎవర్నైనా అడుగు బాబూ. బిషప్‌గారు కూడా ఈ గుర్తులతోనే వచ్చారు."

"చేరారా?"

"చేరకేం? ఎంచక్కా చేరారు!"

మర్నాడు సాయంత్రం చేరారు. అది కెప్టెన్ అడగలేదు.

వాంగ్మూలాన్ని హనోరా రెండుసార్లు చదివించుకుంది. "నిదానంగా చదవండి మాస్టారూ, ప్రమాణం కదా! లారీ ఎక్కడికైనా పారిపోతుందా?" సంతకంలో ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంది. లారీలు కదిలేసరికి ఎనిమిదిన్నర.

పదిన్నరకు అవి ఒక బయల్లో ఆగాయట. గాడిదబండి తోలుకుపోతున్న ముసలాయన్ని, "కాటర్ ఇల్లెక్కడ?" అని గద్దించారట.

"మీరు దాని వంటింట్లోనే నిలబడ్డారు దొరా," అన్నాడట ఆయన.

అప్పటికి పద్నాలుగుమందీ కొండకు అవతల ఉన్నారు.

మధ్యాహ్నానికి కెప్టెన్ మోకాళ్లదాకా బురదతో తిరిగివచ్చాడు. "ఇల్లేదీ? జైలుకు పద!"

"ఎక్కడ తిరగాలో అడిగావు నాయనా, చెప్పాను. ఇల్లు నిలబడుందా అని అడిగావా?"

ఆమె అబద్ధమాడిందని రుజువు చేయడానికి ఆయన ఊరివాళ్లలో ముగ్గురిని విడివిడిగా పిలిపించి కెలహర్ల కొట్టానికి దారి అడిగాడు. ముగ్గురూ అవే మాటలు చెప్పారు. ఆఖరికి, సర్కారు జీతం తింటున్న మా ఊరి పోలీసును పిలిచాడు. అతడు బూట్లు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టి, "కాటర్ ఇంటి దగ్గర ఎడమకండి," అన్నాడు.

హనోరా శాలువా సర్దుకుంది.

కెప్టెన్ తాను పెట్టిన నిబంధనకు తానే కట్టుబడక తప్పలేదు. వాంగ్మూలం అడుగున "అబద్ధం కనబడలేదు" అని రాశాడు. సంతకం చేశాడు, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకున్నాడు.